పందిరి ఎరుపు, కాళ్ళ పసుపు: 112 పెళ్ళి ఫోటోల స్కానింగ్ డైరీ

ఆగస్టు 10, విజయనగరం

బొబ్బిలి నుంచి పెద్దమ్మ పెళ్ళి ఆల్బం వచ్చింది. అమ్మ బస్సులో ఒళ్ళో పెట్టుకుని తెచ్చింది. పక్క సీటావిడ ఒకసారి చూస్తానన్నా ఇవ్వలేదట. 1983 నాటి పెళ్ళి. 112 రంగుల ఫోటోలు, అన్నీ మూడున్నర అంగుళాలకు అయిదు అంగుళాలవి. నల్ల అట్టల మీద మూలలు పెట్టి అమర్చారు. మధ్యమధ్య సాలెగూడు అచ్చున్న పల్చటి కాగితాలు. నెగెటివ్‌లు లేవు. ఆ స్టూడియో ఎప్పుడో మూతపడింది. ఇక ఈ కాగితాలే మాకు ఆధారం.

బెంగళూరులో ఉన్న అక్క, అంటే పెద్దమ్మ కూతురు, మాఘంలో వచ్చే పెళ్ళిరోజుకు పన్నెండు అంగుళాల పేజీలతో కొత్త ఆల్బం అచ్చు వేయిస్తుంది. స్కాన్ చేసి, రంగులు సరిచేసి, ఫైళ్ళు పంపడం నా వంతు. "రెండు ఆదివారాల పని" అని ఒప్పుకున్నాను. ఆ మాటను ఇక్కడ రాసి పెడుతున్నాను, తరవాత నన్ను నేను తిట్టుకోవడానికి పనికొస్తుంది.

ఫోటోలన్నీ ఎర్రబారాయి. ఆ కాలపు రంగుల కాగితంలో మూడు పొరల అద్దకాలుంటాయి: సయాన్ (ఆకుపచ్చ కలిసిన నీలం), మెజెంటా (ముదురు గులాబీ), పసుపు. చీకట్లో, మూసిన ఆల్బంలో ఉన్నా వాటిలో సయాన్ ముందుగా చచ్చిపోతుంది. ఎరుపును అడ్డుకునే పొర అదే కనుక, అది పోయాక మిగిలేది ఎరుపే. జాగ్రత్తగా బీరువాలో దాచిన ఫోటోలు కూడా ఎందుకిలా అయ్యాయని పెద్దమ్మ అడుగుతుంది. దాచడంలో తప్పు లేదని ముందే చెప్పి ఉంచాలి.

ఆగస్టు 17

ఈ ఆదివారం మొత్తం వృథా. తెలిసినవాళ్ళ దగ్గర పల్చటి స్కానర్ ఒకటి అరువు తెచ్చాను. బరువు లేదు, కరెంటు కూడా యూఎస్‌బీ తీగలోంచే తీసుకుంటుంది. ఇరవై ఫోటోలు అయ్యాక పెద్దవి చేసి చూస్తే, మధ్యలో బాగానే ఉన్నాయి గాని అంచుల్లో మొహాలు మసకగా ఉన్నాయి. కారణం ఫోటోలు వంగి ఉండటం. ఇలాంటి పల్చటి స్కానర్లలో సెన్సర్ పట్టీ అద్దానికి ఆనుకున్నట్టే ఉంటుంది. అద్దాన్ని అంటుకున్న దానినే అది స్పష్టంగా చూస్తుంది, ఒక మిల్లీమీటరు పైకి లేస్తే చాలు, చూపు మందగిస్తుంది. లోపల అద్దాలు, లెన్సు, సీసీడీ అనే వెలుగును పట్టే చిప్పు ఉన్న పాత లావుపాటి స్కానర్లకు ఆ ఇబ్బంది తక్కువ.

నలభై ఏళ్ళ కాగితాన్ని బలవంతంగా అదిమితే పైపొర పగులుతుంది. కాబట్టి ఫోటోను కాదు, స్కానర్‌నే మార్చాలి.

ఆగస్టు 24

సీసీడీ స్కానర్ సెకండ్‌హ్యాండ్‌లో దొరికింది. ఇసుక బస్తా అంత బరువు. మూత తీసి అద్దం లోపలి వైపు తుడిచేసరికి గుడ్డ నల్లబడింది.

ఏ రిజల్యూషన్‌లో చేయాలో తేల్చడానికి ఒకే ఫోటోను 300, 600, 1200 డీపీఐల్లో, అంటే అంగుళానికి అన్నేసి చుక్కల చొప్పున, చేశాను. 300కీ 600కీ తేడా ఉంది, కాస్తే. 1200లో కొత్తగా కనిపించింది కాగితపు గరుకు ఒక్కటే, ఫైలు మాత్రం నాలుగింతలైంది. ఫోటోలో లేని వివరాన్ని స్కానర్ ఎక్కడి నుంచి తెస్తుంది? 600 దగ్గర ఆగాను. 2,100 ఇంటూ 3,000 పిక్సెళ్ళు. రంగుకు 16 బిట్‌ల చొప్పున, అంటే ఒక్కో రంగును 65,536 మెట్లుగా, భద్రపరిస్తే ఒక్కోటి 37.8 మెగాబైట్లు. పన్నెండు అంగుళాలకు పెంచినా అంగుళానికి 250 పిక్సెళ్ళు దక్కుతాయి. అక్కకు అది చాలు.

ఇలాంటి లెక్కలు వేసినప్పుడల్లా 1957 గుర్తొస్తుంది. అమెరికాలో రసెల్ కిర్ష్ అనే ఇంజనీరు తన పసిబిడ్డ ఫోటోను డ్రమ్ము స్కానర్ మీద పెట్టి కంప్యూటర్‌లోకి ఎక్కించాడు. మొత్తం 176 ఇంటూ 176 చుక్కలు. నేను చేసే ఒక్క స్కాన్‌లో అలాంటివి రెండు వందలు పడతాయి.

గరుకు సంగతి ఇంకా తేలలేదు. ఆ రోజుల్లో వేలిముద్రలు పడకుండా తేనెపట్టులాంటి అచ్చు ఉన్న కాగితం వాడేవారు. స్కానర్ దీపం ఒక పక్క నుంచే పడుతుంది కనుక ప్రతి చిన్న గుబ్బ ఒక వైపు మెరుస్తుంది. పెళ్ళికూతురి మొహం మీద ఉప్పు చల్లినట్టుంది.

ఆగస్టు 31

ఉప్పు పోయింది. ఉపాయం పాతదే: ఒకసారి స్కాన్ చేసి, ఫోటోను తలకిందులు చేసి మళ్ళీ స్కాన్ చేయాలి. రెండోసారి మెరుపు గుబ్బకు అవతలి వైపు పడుతుంది. రెండో స్కాన్‌ను కంప్యూటర్‌లో తిప్పి, ఫోటోలు అతికే హ్యూజిన్ సాఫ్ట్‌వేర్‌లో రెండింటినీ పిక్సెల్‌కు పిక్సెల్ కలిపి, ఫోటోలు దిద్దే గింప్‌లో ఒకదానిపై ఒకటి పరిచి, ప్రతి చోటా రెండింటిలో ముదురుగా ఉన్నదాన్నే ఉంచమంటే మెరుపులు చాలావరకు మాయమవుతాయి. ఫోటోకు ఎనిమిది నిమిషాలు. 112 ఇంటూ ఎనిమిది ఎంతో లెక్క వేయలేదు, వేయదలచుకోలేదు కూడా.

సెప్టెంబర్ 14

స్కానింగ్ పూర్తయింది. మూడు ఫోటోలు అట్టకు అంటుకుపోతే పళ్ళసందుల్లో వాడే దారాన్ని కిందుగా రంపంలా ఆడించి విడదీశాను. ఒకటి రాలేదు. అట్టతో సహా అద్దం మీద పెట్టేశాను.

ఇక రంగులు. ఇక్కడే గర్వభంగం జరిగింది. రంగులను దానంతటదే సరిచేసే ఆటో బటన్ నొక్కాను. అర సెకనులో ఎరుపు ఎగిరిపోయింది. పంచెలు మల్లెపూవుల్లా ఉన్నాయి. పది ఫోటోలు అలా చేసి, పొంగిపోతూ పెద్దమ్మ ఫోనుకు పంపాను. పది నిమిషాల్లో ఫోను మోగింది.

"ఏమే తల్లీ, నా కాళ్ళకు పసుపేదీ?"

చూస్తే నిజమే. కాళ్ళు బూడిద పూసుకున్నట్టున్నాయి. అక్షింతలు మామూలు బియ్యమయ్యాయి. పెద్దమ్మ అంతటితో వదల్లేదు. "ఎర్ర షామియానా కింద కూర్చుంటే మీ పెదనాన్న పంచె అంత తెల్లగా ఎలా ఉంటుంది? అది మా పందిరి కాదు, ఆసుపత్రి."

ఆటో బటన్ వెనకున్న ఊహ ఏమిటంటే, ఏ దృశ్యంలోనైనా రంగులన్నీ కలిపి సగటు తీస్తే బూడిదరంగు వస్తుందని. రాకపోతే కాంతిలోనో కెమెరాలోనో లోపం ఉందనుకుని సగటును బూడిదకు లాగుతుంది. రోడ్డుకో, కొండకో ఆ ఊహ సరిపోవచ్చు. పసుపు కాళ్ళు, కుంకుమ, అరటి బోదెలు, ఎర్ర షామియానా, కనకాంబరాలు ఉన్న చోట సగటు బూడిద అనుకోవడం ఏ లెక్క? మా పెళ్ళి మొత్తం దాని దృష్టిలో ఒక లోపం. ఉన్న పసుపునంతా జబ్బు అనుకుని వైద్యం చేసింది.

పదీ చెరిపేశాను.

సెప్టెంబర్ 21

ఇప్పుడు తేలవలసిన ప్రశ్న ఇది: ఈ ఎరుపులో కాగితానికి వచ్చిన జబ్బు ఎంత, షామియానా ఇచ్చింది ఎంత? మొదటిది తీసేయాలి, రెండోది ఉంచాలి. కంటికి రెండూ ఒకటే.

తెల్లటిదేదైనా పట్టుకుని దాన్ని తెలుపు చేస్తే సరి అనుకున్నాను. పంచె పనికిరాదు, షామియానా కింద ఉంది. సున్నం గోడ పనికిరాదు, అందులో నీలిమందు కలుపుతారు. పెదనాన్న కట్టుకున్నది పొందూరు ఖద్దరట. అది మొదటినుంచీ కాగితమంత తెలుపు కాదు, కొద్దిగా వెన్నరంగు. ఆ పంచె ఇప్పటికీ పెట్టెలో ఉందని తెప్పించి స్కానర్ అద్దం మీద పరిచాను. అదీ ఫోటోలాగే పసుపెక్కి కూర్చుంది. మూలనున్న బొబ్బిలి వీణ గుర్తొచ్చింది. పనస కర్ర కొత్తలో పచ్చగా ఉంటుంది, ఏళ్ళు గడిచేకొద్దీ ముదిరి తేనెరంగుకు తిరుగుతుంది. ఈ ఇంట్లో ముదరని సాక్షి ఒక్కటీ లేదు.

రాత్రి పడుకోబోతుంటే తట్టింది: ఫోటో చుట్టూ ఉన్న తెల్ల అంచు. ఆ అంచు మీద కెమెరా వెలుగు పడలేదు, దానికి షామియానా తెలియదు. అక్కడున్నది వట్టి కాగితం, దానికి వచ్చిన మరక. అంటే అంచు తెలుపును సరిచేస్తే కాగితపు జబ్బు మాత్రమే పోతుంది. అలాగే నలుపు వైపు: తలుపు వెనకాల చీకటి గదిలో వెలుగే లేదు, అక్కడ ఎరుపు కనిపిస్తే అది చచ్చిన సయాన్ పనే.

లేచి లెక్క చూశాను. ఒక్కో రంగుకు సున్నా అంటే చీకటి, 255 అంటే నిండు వెలుగు. అంచులో ఎరుపు 243, ఆకుపచ్చ 232, నీలం 205. చీకటి గుమ్మంలో ఎరుపు 78, ఆకుపచ్చ 31, నీలం 36. నల్లగా ఉండాల్సిన చోట ఎరుపు 78! లెవెల్స్ అనే పనిముట్టులో ఒక్కో రంగునూ విడిగా తీసుకుని, గుమ్మం దగ్గరి అంకెను అడుగుకు, అంచు దగ్గరి అంకెను పైకి లాగాను. నడిమి రంగులను ముట్టుకోలేదు.

ఎరుపు తగ్గింది. పోలేదు. కాళ్ళ మీద పసుపు నిలిచింది: 205, 158, 74. ఆటో బటన్ చేతిలో అదే చోటు 196, 178, 151 అయింది. ఈ రెండు వరుసల్లో చివరి అంకె చూస్తే చాలు, పసుపు ఎటు పోయిందో తెలుస్తుంది. నీలం లేకపోవడమే పసుపు, అక్కడ నీలాన్ని పోసేశారు.

16 బిట్‌లలో స్కాన్ చేసినందుకు ఈ రోజు నా వీపు నేనే తట్టుకున్నాను. 78 నుంచి 243 దాకా 8 బిట్‌లలో ఉన్నది 166 మెట్లే. వాటిని 256 మెట్ల మేరకు సాగదీస్తే మధ్యలో ఖాళీలు పడి, షామియానా గుడ్డ మీద మెత్తగా మారాల్సిన రంగు పట్టీలు పట్టీలుగా విడిపోతుంది. సరదాకు అలాగే చేసి చూశాను. నిజంగానే చారలొచ్చాయి.

సెప్టెంబర్ 22

మిగిలిన ఎరుపు షామియానాదేనని రుజువు కావాలిగా. ముహూర్తం పగటిపూట, ఫ్లాష్ లేకుండా తీసిన ఫోటోలు. రాత్రి భోజనాలప్పటివి ఫ్లాష్‌తో తీసినవి. అదే కాగితం, అదే ఆల్బం, అన్నేళ్ళ వయసే. రెండు రకాలకూ ఒకే పద్ధతిలో అంచు, నలుపు సరిచేశాను. ఫ్లాష్ ఫోటోల్లో పెదనాన్న పంచె వెన్నరంగుకు వచ్చింది. పగటివాటిలో ఎర్రగానే ఉంది. జబ్బు కాగితానిదే అయితే రెండింటిలోనూ ఒకేలా మిగలాలి. ఎరుపు పందిరిది. పెద్దమ్మ చెప్పింది నిజం.

సెప్టెంబర్ 23

పెద్దమ్మకు కొత్తవి పంపాను. "ఈసారి పసుపు మరీ ఎక్కువైంది, కామెర్లు వచ్చినవాళ్ళలా ఉన్నారందరూ" అంది. గుండె జారింది. మళ్ళీ అంకెలన్నీ చూశాను, ఏ తప్పూ లేదు. పావుగంట బుర్ర బద్దలుకొట్టుకున్నాక అడిగాను: "పెద్దమ్మా, ఫోనులో మిగతావన్నీ కూడా పసుపుగా ఉన్నాయా?" ఉన్నాయట. సాయంత్రం ఏడు దాటగానే కళ్ళకు హాయిగా ఉండేలా తెర పసుపుగా మారే ఏర్పాటు ఎవరో పెట్టారు. పెట్టింది ఎవరో నాకు తెలుసు. పోయిన సంక్రాంతికి నేనే.

ఇకపై రంగు విషయం పగలే మాట్లాడుకోవాలని నిర్ణయం.

సెప్టెంబర్ 28

అక్క తొందరపడి, నేను మెసేజీ యాప్‌లో నమూనాకు పంపిన అయిదు ఫోటోలనే అక్కడ అచ్చు వేయించింది. వీడియో కాల్‌లో చూపించింది. చీర అంచు ఎరుపు పక్కనున్న తెల్లబట్ట మీదికి కారినట్టుంది. బుగ్గల మీద చదరపు గళ్ళు.

తప్పు అచ్చువాళ్ళది కాదు. మామూలుగా పంపితే యాప్ ఫోటోను కుదిస్తుంది. 3,000 పిక్సెళ్ళ పొడవు అక్కడికి చేరేసరికి 1,600. పైగా జేపెగ్ అనే ఫైలు పద్ధతిలో గట్టిగా నొక్కుతుంది. జేపెగ్ బొమ్మను ఎనిమిది ఇంటూ ఎనిమిది పిక్సెళ్ళ గళ్ళుగా కోసి, ఒక్కో గడిలో కంటికి అంతగా ఆనని సన్నటి మార్పులను పారేస్తుంది. మన కన్ను వెలుగునీడలను పట్టినంత బాగా రంగును పట్టదు కనుక, రంగు సమాచారాన్ని సాధారణంగా అడ్డంగానూ నిలువుగానూ సగానికి తగ్గిస్తుంది. అందుకే అంచు కారింది. ఈ కోతకు వెన్నెముక అయిన గణితాన్ని 1974లో నాసిర్ అహ్మద్, టి. నటరాజన్, కె. ఆర్. రావు ప్రచురించారు. జేపెగ్ ప్రమాణం 1992లో వచ్చింది. నాసిర్ అహ్మద్ బెంగళూరులోనే పుట్టారని అక్కకు చెబితే, "మా ఊరాయనేనా? ఉండు, వెళ్ళి అడుగుతాను" అంది. పాపం, ఆయన లేకపోతే ఆ ఫోటో అసలు చేరేదే కాదు. అతిగా నొక్కినవాళ్ళది తప్పు. అంతకంటే, అచ్చుకు పనికిరాదని చెప్పకుండా పంపిన నాది.

అక్టోబర్ 8

వారం రోజులుగా పని సాగలేదు. నిన్న మా ఊరి పైడితల్లి అమ్మవారి సిరిమానోత్సవం. మూడు లాంతర్ల కూడలి దగ్గర అడుగు పెట్టే సందు లేదు. ఇంటి నిండా చుట్టాలు. స్కానర్ మూత మీద ఎవరో పులిహోర గిన్నె పెట్టారు. పెద్దమ్మ, పెదనాన్న కూడా వచ్చారు. వాళ్ళ సంగతి తీరికగా రాయాలి.

అక్టోబర్ 9

పగటిపూటే, కిటికీ పక్కన ల్యాప్‌టాప్ పెట్టి ఇద్దరినీ కూర్చోబెట్టాను. ముప్ఫై ఫోటోలు ఇద్దరూ ఒప్పుకున్నారు. 47వ ఫోటో దగ్గర రథం ఆగింది. అప్పగింతల ఫోటో అది. పెద్దమ్మ కట్టుకున్న చీర.

"వంగపండు రంగు," అంది పెద్దమ్మ.

"కాదు, నేరేడుపండు. నీలం కనిపించడంలా?" అన్నాడు పెదనాన్న.

"కట్టుకున్నది నేను."

"చూసింది నేను."

ఆ చీర ఉంటే అద్దం మీద పరిచి తేల్చేసేదాన్ని. జరీలో వెండి ఉందని ఎప్పుడో పాత చీరలు కొనేవాడికి ఇచ్చేశారు. అంచు-నలుపు పద్ధతి కూడా ఇక్కడ చేతులెత్తేసింది. కాగితం సరైంది గాని, ఆ ఫోటో మునిమాపు వేళ తీసింది. ఒక పక్క ఆకాశపు నీలం, ఇంకో పక్క ట్యూబులైటు పచ్చదనం. ఏ వెలుగు చీర మీద ఎంత పడిందో ఎవరు చెప్పగలరు?

కాసేపటికి అమ్మ వంటింట్లోంచి అన్న మాటతో చిక్కు మరో వైపుకు తిరిగింది. పెదనాన్నకు రెండు కళ్ళకూ శుక్లాల ఆపరేషన్ అయింది. పెద్దమ్మకు ఇంకా కాలేదు. శుక్లం పట్టిన కంటి కటకం పసుపెక్కి నీలాన్ని లోపలికి రానివ్వదు. తీసి కొత్త కటకం పెట్టాక నీలాలు ఒక్కసారిగా మెరుస్తాయి. అంటే ఒకే తెరను ఒకరు పసుపు గాజులోంచి, మరొకరు కొత్త గాజులోంచి చూస్తున్నారు. ఇన్నాళ్ళూ కాగితానికీ ఫోనుకూ దిద్దుబాటు చేశాను. సాక్షుల కళ్ళకు కూడా చేయాలని తెలియలేదు.

అక్టోబర్ 26

పంపడం మొదలుపెట్టాను. 112 ఫైళ్ళు, 4.2 గిగాబైట్లు. మా ఇంటి నెట్ పైకి పంపే వేగం సెకనుకు 5 మెగాబిట్లు, అంటే 0.6 మెగాబైట్ల చిల్లర. లెక్క ప్రకారం రెండు గంటల లోపు అయిపోవాలి. రెండు రాత్రులు పట్టింది. మొదటి రాత్రి వాన, కరెంటు పోయింది, మూడు వంతులైన పని మళ్ళీ మొదటికొచ్చింది. రెండో రాత్రి ఆగిన చోటి నుంచి సాగే ఆర్‌సింక్ వాడాను. మొదటి రాత్రే ఎందుకు వాడలేదని అడగవద్దు.

ఫిర్యాదు చేయబోయి ఆగాను. 1920లలో లండన్ నుంచి న్యూయార్క్‌కు పత్రికల ఫోటోలను సముద్రపు కేబుల్ మీద బార్ట్‌లేన్ పద్ధతిలో పంపేవారు. మొదట్లో తెలుపు నుంచి నలుపు దాకా అయిదే మెట్లు. ఓడలో వారం పైగా పట్టే ఫోటో మూడు గంటల లోపు చేరుతోందని అప్పట్లో అది గొప్ప. నా దగ్గర రంగుకు 65,536 మెట్లున్నాయి, కరెంటే లేదు.

ప్రతి ఫైలుకూ దాని వేలిముద్రలాంటి ఎస్‌హెచ్‌ఏ-256 సంకేతం తీసి, అక్క దగ్గర తీసినదానితో సరిపోల్చాం. 111 సరిపోయాయి. ఒకటి తేడా వచ్చింది, మళ్ళీ పంపాను.

నవంబర్ 9

నమూనా అచ్చులు వచ్చాయి. కుంకుమ చచ్చిపోయి ఇటుకరంగులో ఉంది. అక్కడి స్క్రీన్ మీద బాగుంది, ఇక్కడి స్క్రీన్ మీద బాగుంది, కాగితం మీద మాత్రం కళ లేదు. చివరికి నా పొరపాటే దొరికింది. నేను అడోబ్ ఆర్‌జీబీ అనే పెద్ద రంగుల పరిధిలో పనిచేసి, ఫైళ్ళను అలాగే పంపాను. అచ్చు వేసే చోట ఏ పరిధో చెప్పే ఆ ప్రొఫైల్ చూడకుండా అంకెలను ఎస్‌ఆర్‌జీబీ అనే చిన్న పరిధివి అనుకున్నారు. అదే అంకె పెద్ద రంగుల పరిధిలో ఒక గట్టి ఎరుపు, చిన్న పరిధిలో నీరసమైన ఎరుపు. కొలబద్ద పేరు చెప్పకుండా "పది" అంటే గజాలో అడుగులో ఎవరికి తెలుస్తుంది? అందరూ తమ దగ్గరున్న చిన్న బద్దతోనే కొలుస్తారు. 1996లో ఎస్‌ఆర్‌జీబీని తయారుచేసిందే ఇలాంటి అయోమయం తగ్గించడానికి.

మూల ఫైళ్ళను కదపకుండా, అచ్చుకోసం విడిగా ఎస్‌ఆర్‌జీబీకి మార్చిన ప్రతులు తీశాను. 8 బిట్‌లు, అతి తక్కువ కుదింపుతో జేపెగ్. సాగదీయడం అంతా అయిపోయింది కనుక ఇప్పుడు 8 బిట్‌లు చాలు. ఇవి ఒక్క గంటలోనే చేరాయి.

నవంబర్ 23

రెండో నమూనా. కుంకుమ బతికింది. అక్క ఒక అచ్చును బొబ్బిలికి కొరియర్ చేసింది. పెద్దమ్మ ఫోను చేసి మొహాల గురించి ఏమీ అనలేదు. "కాళ్ళు బాగున్నాయి" అంది. తరవాత వెనకనుంచి పెదనాన్న గొంతు: "47 సంగతి ఏమైందని అడుగు."

47ను రెండు రకాలుగా చేసి ఉంచాను, ఒకటి వంగపండు, ఒకటి నేరేడు. నడిమి రంగుల్లో నీలం మోతాదు కొద్దిగా పైకీ కిందికీ, అంతే తేడా. అచ్చుకు ఏది పంపాలని అక్క రోజూ అడుగుతోంది. పెద్దమ్మకు కంటి ఆపరేషన్ సంక్రాంతి వెళ్ళాక చేస్తామన్నారు. కట్టు విప్పి, కన్ను కుదుటపడేదాకా ఆ పేజీ ఆపమని, మిగతా 111 అచ్చుకు ఇచ్చేయమని అక్కకు చెప్పాను.